బ్లాంక్ లేని శాంపిల్

గదిలో నేల మీద కుండ లేదు. ఆ సంగతి నాకెలా తెలిసింది? ఇంత చిన్న ప్రశ్న మీద మన శాస్త్రకారులు వందల ఏళ్లు వాదించుకున్నారు. నైయాయికుడు కంటితోనే తెలిసిందంటాడు. ఖాళీ నేలను చూసిన కన్నే కుండ లేకపోవడాన్నీ చూసిందట. ప్రాభాకర మీమాంసకుడు ‘లేకపోవడం’ అనే వేరే పదార్థమే లేదు, ఉన్నది నేల ఒక్కటే, పొమ్మంటాడు. 7వ శతాబ్దపు కుమారిల భట్టు మాత్రం దీనికోసం ప్రత్యేకంగా ఒక ప్రమాణాన్నే నిలబెట్టాడు. దాని పేరు అనుపలబ్ధి. వస్తువు కనబడకపోవడమే అది లేదనడానికి ఆధారమని భాట్టుల మాట. తర్వాత అద్వైతులు కూడా దాన్ని ఆరో ప్రమాణంగా తీసుకున్నారు.

అయితే ఊరికే కనబడకపోతే చాలదు. చీకటి గదిలో కుండ కనబడలేదు కాబట్టి కుండ లేదంటే ఎవరూ ఒప్పుకోరు. ఉండి ఉంటే కనబడి తీరేది అనగలిగిన చోటే కనబడకపోవడానికి విలువ. అందుకే దాన్ని యోగ్యానుపలబ్ధి అన్నారు. ఇందులో బౌద్ధులకీ పేచీ లేదు. కంటికి ఆనే స్వభావమే లేని పిశాచం లాంటిది కనబడలేదంటే సందేహం మిగులుతుందే గాని నిర్ణయం రాదని ధర్మకీర్తి చెప్పాడు.

ఇవన్నీ నేను చదివి నేర్చుకున్నవి కావు. నేను కెమిస్టుని. విశాఖపట్నంలో నీళ్లు, మట్టి, చేపలు పరీక్షించే లాబులో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఈ మాటలు మా మావయ్యగారి దగ్గర విన్నవి. ఆయన సంస్కృత కళాశాలలో తర్కం చెప్పేవారు. తర్కసంగ్రహం ఆయనకి కంఠతా వచ్చు. దాన్ని రాసిన అన్నంభట్టు తెలుగువాడని ఓ పిసరు గర్వం కూడాను. పెళ్లయిన కొత్తలో నా ఉద్యోగం ఏమిటని అడిగితే, నీళ్లలో లోహాలు ఉన్నాయో లేదో చెబుతానన్నాను. “ఉన్నాయని చెప్పడం ఎవరైనా చేస్తారమ్మాయ్, లేవని ఎలా చెబుతావు?” అన్నారు. మా ఇద్దరి వాదం అక్కడ మొదలైంది.

మా రిపోర్టుల్లో తరచుగా కనబడే మాట ‘బీడీఎల్’. బోరునీళ్లు పరీక్షకి వస్తాయి. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, పాదరసం అంటూ వరసగా గళ్లుంటాయి. చాలా గళ్లలో అంకె ఉండదు, బీడీఎల్ అని ఉంటుంది. మా పరికరం పసిగట్టగలిగిన దానికన్నా తక్కువ అని దానర్థం. తీసుకున్నవాళ్లు దాన్ని ‘లేదు’ అని చదువుకుని నిశ్చింతగా ఇంటికి వెళ్తారు. ఈ ఒక్క విషయంలో నాకు మొదటినుంచీ గొంతులో ఏదో అడ్డుపడినట్టే ఉండేది. కారణం చెబుతాను.

తాగునీటిలో సీసం లీటరుకి 10 మైక్రోగ్రాములు దాటకూడదని 2012 నాటి మన భారతీయ ప్రమాణం, ఐఎస్ 10500, చెబుతుంది. 10 మైక్రోగ్రాములంటే గ్రాములో లక్షో వంతు. అంతకుముందు ఆ హద్దు 50గా ఉండేది. ఇక మామూలు లాబుల్లో ఉండేది ఫ్లేమ్ ఏఏఎస్. నీళ్లని సన్నటి తుంపరగా మంటలోకి చిమ్మి, సీసం మాత్రమే పీల్చుకునే కాంతిని ఆ మంటగుండా పంపి, ఎంత కాంతి తగ్గిందో చూస్తారు. సీసం విషయంలో ఆ పరికరం చూపు లీటరుకి 10, 15 మైక్రోగ్రాముల దగ్గరే మసకబారుతుంది. అంటే హద్దు ఎక్కడుందో సరిగ్గా అక్కడే చీకటి. ఆ పరికరం మీద నేరుగా చూసి బీడీఎల్ అని రాస్తే అది అబద్ధం కాదు, కానీ కుమారిలుడు ఒప్పుకునే ‘లేదు’ కూడా కాదు. ఉండి ఉంటే కనబడేది అనడానికి అక్కడ వీల్లేదు.

ఉన్నది కనబడకపోవడానికి ఎన్ని కారణాలుంటాయి? ఈశ్వరకృష్ణుడి సాంఖ్యకారికల్లో ఏడోదాంట్లో ఎనిమిది చెప్పాడు: మరీ దూరం కావడం, మరీ దగ్గర కావడం, ఇంద్రియం దెబ్బతినడం, మనసు మరోచోట ఉండటం, వస్తువు సూక్ష్మం కావడం, మధ్యలో అడ్డు, మరో బలమైనది దాన్ని కమ్మేయడం, తనలాంటి వాటిలో కలిసిపోవడం. మరీ దగ్గరైన దానికి వ్యాఖ్యాతలు చెప్పే ఉదాహరణ కంటికి పెట్టుకున్న కాటుక. ఆ కాటుక సంగతి మళ్లీ వస్తుంది. ప్రకృతి కనబడనిది సూక్ష్మం కావడం వల్లే గాని లేకపోవడం వల్ల కాదని చెప్పడానికి ఆయన ఈ లెక్క అంతా వేశాడు. మా లాబులో కొత్తగా చేరిన పిల్లలకి పరికరాల కంపెనీ ఇచ్చిన పుస్తకం కన్నా ముందు నేను ఈ జాబితా చెప్పేదాన్ని. వాళ్లు నవ్వేవారు. సముద్రపు నీటిలో సీసం వెతికాక నవ్వు ఆగేది.

సముద్రం దగ్గర ఆ జాబితాలో ఒక కారణం కాదు, మూడు ఒకేసారి పనిచేస్తాయి. లీటరు సముద్రపు నీటిలో సోడియం 10.8 గ్రాములుంటుంది. నడిసముద్రంలో సీసం లీటరుకి కొన్ని నానోగ్రాములు, పది అనుకుందాం. అంటే సీసానికి సోడియం వంద కోట్ల రెట్లు. సూక్ష్మత సరే. దానికి తోడు ఈ ఉప్పంతా పరికరంలోకి వెళ్లి పొగలా కమ్మేస్తుంది, కాంతిని చెదరగొడుతుంది, గొట్టాల మొనల మీద గడ్డకడుతుంది. ఇది అభిభవం, పగటిపూట నక్షత్రాలకి పట్టే గతే. వేరే లోహాల సంకేతాలు సీసం సంకేతం మీద పడితే అది సమానాభిహారం, తనలాంటి వాటిలో కలిసిపోవడం. పరికరం ఎంత ఖరీదైనదైనా ఈ నీళ్లని అలాగే పోస్తే పని జరగదు.

అప్పుడు చేసేది ప్రీకాన్సంట్రేషన్. తెలుగులో చెప్పాలంటే ముందుగా చిక్కబరచడం. మరిగించి చిక్కబరిస్తే ఉప్పు కూడా చిక్కబడుతుంది కాబట్టి లాభం లేదు. కావలసినదాన్ని మాత్రమే పట్టుకుని మిగతాదాన్ని పోనివ్వాలి. మేం వాడినది చెలెక్స్-100 అనే రెజిన్. తెల్లటి సన్న పూసలు. వాటి మీద ఇమినోడయాసిటేట్ గుంపులుంటాయి. సీసం, రాగి, కాడ్మియం లాంటివి దగ్గరికి రాగానే రెండు మూడు వైపులనుంచి పట్టేసుకుంటాయి, సోడియాన్ని పట్టించుకోవు. సన్నటి గాజు కాలమ్‌లో ఈ పూసలు వేలెడంత ఎత్తు నింపి, నీటి పీహెచ్ 5, 6 మధ్యకి సరిచేసి పైనుంచి వదలాలి. తొందరపడకూడదు. నిమిషానికి ఒక మిల్లీలీటరు చొప్పున వదిలితే లీటరు దిగడానికి 16 గంటలు దాటుతుంది. ఆ తర్వాత అమ్మోనియం ఎసిటేట్‌తో కడిగితే చాటుగా అంటుకున్న కాల్షియం, మెగ్నీషియం పోతాయి. చివర కాసింత నత్రికామ్లం వదలాలి. అది దిగుతుంటే పూసల మట్టం కళ్లముందే కుంచించుకుపోతుంది, పట్టుకున్న లోహాలన్నిటినీ పూసలు ఒక్కసారిగా వదిలేస్తాయి. లీటరులో ఉన్న సీసం 10 మిల్లీలీటర్లలోకి వచ్చిందంటే వంద రెట్లు చిక్కబడినట్టు. తాగునీటిలో లీటరుకి 2 మైక్రోగ్రాములున్నా ఇప్పుడది 200లా కనబడుతుంది. పాత ఫ్లేమ్ ఏఏఎస్ కూడా చూసేస్తుంది. ఇప్పుడు బీడీఎల్ అని రాస్తే అందులో యోగ్యత ఉంది.

ఇక్కడ నన్ను ఎప్పుడూ ఆకట్టుకునేది ఏమిటంటే, కంటికి పదును పెట్టలేదు, వస్తువుని కంటి దగ్గరికి చేర్చాం. ధ్యానం గురించి, తపస్సు గురించి మాట్లాడేవాళ్లు మొదటిదాని గురించే ఎక్కువ చెబుతారు, అంతర్దృష్టి, దివ్యదృష్టి అంటూ. రెండోదాని గురించి చెప్పేవాళ్లు తక్కువ.

అయితే ఇలా దగ్గరికి చేర్చడంలోనూ ఒక మెలిక ఉంది. పట్టుకునే పూస ముందే నిర్ణయించేస్తుంది ఏది దొరకాలో. సముద్రంలో రాగి దాదాపు అంతా జీవపదార్థాలు విడిచిన అణువుల చేతుల్లో బిగిసి ఉంటుంది. ఆ పట్టు రెజిన్ పట్టు కన్నా గట్టిది. ముందుగా అతినీలలోహిత కాంతి కింద పెట్టి ఆ అణువుల్ని విరగ్గొట్టకపోతే రాగి కాలమ్‌లోంచి చల్లగా దిగిపోతుంది, మనం తక్కువుందని రాస్తాం. అందుకే తెలిసినంత లోహాన్ని కలిపి, అది మళ్లీ తిరిగి వస్తోందా లేదా అని చూస్తారు. దాన్ని స్పైక్ అంటారు. మనం కలిపింది తిరిగొచ్చినా సముద్రం కలుపుకున్నది తిరిగొచ్చిందని గ్యారంటీ ఉండదు, ఎందుకంటే మనం కలిపింది ఎవరి చేతుల్లోనూ బిగిసిలేదు.

ఇంతవరకు జరిగింది సులువైన భాగం. అసలు చిక్కు మన వైపు నుంచి వస్తుంది. వంద రెట్లు చిక్కబరిచినప్పుడు నీటిలోని సీసంతో పాటు బఫర్‌లో ఉన్న సీసం, కాలమ్ గాజు వదిలిన సీసం, గాలిలో దుమ్ము తెచ్చిన సీసం కూడా వచ్చి చేరతాయి. నా వల్ల వచ్చేది కూడా. క్లీన్‌రూమ్‌లోకి వెళ్లేముందు ముఖానికి పౌడర్ ఉండకూడదు, అందులో జింక్ ఉంటుంది. కాటుక ఉండకూడదు, కొన్ని రకాల్లో సీసం గంధకీయం ఉంటుంది. కుంకుమ, గాజులు, గొలుసు తీసేయాలి. తొడుగులకి లోపల పొడి ఉండకూడదు. సీసాలు రోజుల తరబడి ఆమ్లంలో నాని ఉండాలి. ఇదంతా వింటే మా అత్తయ్యగారికి ఏ వివరణా అక్కర్లేకపోయింది. “మడి అన్నమాట,” అన్నారు. అంతే. నేను ఎన్ని ప్రసంగాల్లో చెప్పినా అంత త్వరగా ఎవరికీ ఎక్కలేదు. అయితే ఒక తేడా నాకు ముఖ్యం. మడిలో భయం ఎదుటివాళ్ల స్పర్శంటే. ఆ భయం పేరుతో ఎంతమందిని ఎంత దూరం నిలబెట్టామో అందరికీ తెలుసు. క్లీన్‌రూమ్‌లో అనుమానం మొదట నా మీదే. బయటివాడు తాకి నేను మైలపడతానేమోనని కాదు నేను తొడుగులు వేసుకునేది, నా చెమట సముద్రంలో కలుస్తుందేమోనని.

నా వాటా ఎంతో తెలుసుకోవడానికి బ్లాంక్ నడుపుతారు. ఉత్తి శుద్ధజలాన్ని తీసుకుని శాంపిల్‌కి చేసిన ప్రతి పనీ దానికీ చెయ్యాలి. అదే కాలమ్, అదే ఆమ్లం, అదే చేతులు, అంతే సమయం. చివర వచ్చిన అంకె సముద్రానిది కాదు, నాది. శాంపిల్ అంకెలోంచి దాన్ని తీసేయాలి. పరికరం గుర్తించగలిగే హద్దుని ఎలా లెక్కకడతారని చాలామంది అడుగుతారు. బ్లాంక్‌ని పదేపదే నడిపి, ఆ అంకెలు ఎంత అటూ ఇటూ ఊగుతున్నాయో చూసి, ఆ ఊగిసలాటకి మూడింతలు తీసుకుంటారు. అంటే ‘లేదు’ అని చెప్పే అధికారం ఎక్కువగా నా మలినం ఎంత నిలకడగా ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. మలినం ఉన్నా నిలకడగా ఉంటే తీసేయవచ్చు. పూటకో రకంగా ఉంటే ఏమీ చెయ్యలేం.

బ్లాంక్‌ని మరిచినవాళ్ల కథలు చాలానే ఉన్నాయి. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఫ్రిట్స్ హాబర్‌ది. గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చినవాడు, మొదటి ప్రపంచయుద్ధంలో విషవాయువుల్ని యుద్ధభూమికి తెచ్చినవాడు. యుద్ధంలో ఓడిన జర్మనీ మీద 13,200 కోట్ల బంగారు మార్కుల నష్టపరిహారం పడింది. దాదాపు 50 వేల టన్నుల బంగారం విలువ. సముద్రంలో బంగారం ఉందని, టన్ను నీటికి 6 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చని అర్హీనియస్ అంతటివాడు అంచనా వేసి ఉన్నాడు. హాబర్ తన దేశం అప్పు సముద్రంతో తీర్చేద్దామనుకున్నాడు. 1923లో హన్సా అనే ఓడలో, పైకి చెప్పకుండా, లాబు పెట్టుకుని అమెరికా వైపు వెళ్లాడు. ఆయన పద్ధతి కూడా ముందుగా చిక్కబరచడమే. నీటిలో సీసం లవణం కలిపి సీసం గంధకీయంగా అవక్షేపిస్తే బంగారం దానితో పాటు దిగిపోతుంది. ఆ సీసాన్ని వేడితో పోగొడితే చివర కంటికి ఆనని బంగారపు పూస మిగులుతుంది. దాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి కొలిచాడు.

ఎంత జాగ్రత్తగా చేస్తే అంత తక్కువ దొరికింది. పాత లెక్కల్లో సముద్రం ఇచ్చిందనుకున్న బంగారంలో పెద్ద భాగం రసాయనాలదీ పాత్రలదీ అని తేలింది. చివరికి టన్నుకి మిల్లీగ్రాములో వందో వంతు కూడా లేదని ఒప్పుకుని 1920ల చివర్లో ఆ పని వదిలేశాడు. ఇప్పటి లెక్క ప్రకారం 10 కోట్ల టన్నుల సముద్రపు నీటికి ఒక గ్రాము బంగారం. ఆయన తగ్గించి తగ్గించి రాసిన చివరి అంకె కూడా వందల రెట్లు ఎక్కువే. ఆయన పట్ల నాకు జాలి తక్కువే గాని ఆ తగ్గుతూ వచ్చిన అంకెల పట్ల గౌరవం ఉంది. తనకి కావలసిన సమాధానాన్ని తానే కొంచెం కొంచెంగా చెరిపేసుకున్నాడు.

భూరసాయన శాస్త్రవేత్త క్లెయిర్ ప్యాటర్సన్‌ది ఇంకో దారి. ఆయనకి కావలసింది భూమి వయసు. ఉల్కాశకలాల్లోని సీసం ఐసోటోపుల నిష్పత్తి నుంచి దాన్ని రాబట్టాలి. ఎన్నిసార్లు కొలిచినా లాబు సీసమే అడ్డొచ్చేది. గాలి, గోడల రంగు, జుట్టు, అన్నిట్లోనూ సీసమే. కాల్టెక్‌లో ఆమ్లాలు తానే స్వేదనం చేసి, గదిని మళ్లీ మళ్లీ తుడిపించి, చివరికి 1956లో 455 కోట్ల సంవత్సరాలని ప్రకటించాడు. ఆ అంకె ఇప్పటికీ దాదాపు అలాగే నిలబడి ఉంది. అంత శుభ్రత అలవాటయ్యాక ఇతరుల లెక్కలు ఆయన కంటికి ఆనలేదు. సముద్రంలో, మనుషుల రక్తంలో, చేపల్లో ఉందంటున్న సీసంలో చాలా భాగం కొలిచేవాళ్ల చేతుల మీది సీసమేనని తేల్చాడు. 1980లో డోరతీ సెటిల్‌తో కలిసి సైన్స్ పత్రికలో రాసిన వ్యాసం డబ్బా ట్యూనా చేప మీద. సీసంతో మాట్లు వేసిన డబ్బాల్లో చేప సీసం సహజ స్థాయికి 10 వేల రెట్లు. పచ్చి చేపకే తప్పు అంకె రాసుకున్న లాబులకి ఆ తేడా దశాబ్దాల పాటు కనబడలేదు.

ఇందులో నన్ను ఆపేసింది చేప కాదు. ప్యాటర్సన్‌కి సీసం కలిపిన పెట్రోల్ పొగ పీల్చని మనిషి ఎక్కడా దొరకలేదు. ఆ కాలంలో పుట్టినవాళ్లందరిలోనూ సీసం ఉంది, కాబట్టి అందరిలో ఉన్నదే సహజం అని పరిశ్రమ వాదించింది. పోల్చిచూడటానికి శుద్ధమైన మనిషే లేకపోతే ఎలా? ఆయన వెనక్కి వెళ్లాడు. గ్రీన్‌లాండ్ మంచు పొరల్లో, క్రీస్తుపూర్వం 800 నాటి మంచుతో 1965 నాటి మంచుని పోలిస్తే సీసం 200 రెట్లకి పైగా పెరిగింది. పెరూ దేశపు ప్రాచీన అస్థిపంజరాలు కూడా చూశాడు. ఇప్పుడెక్కడా దొరకని బ్లాంక్ గతంలో దొరికింది. ఈ సంగతి మావయ్యగారికి చెప్పినప్పుడు ఆయన పట్టలేని సంతోషంతో కుర్చీలో కదిలారు. “ప్రాగభావం!” అన్నారు. వస్తువు పుట్టకముందు ఉండే లేమి. అన్నంభట్టు చెప్పిన నాలుగు అభావాల్లో మొదటిది. పుట్టుక ఉన్నదేదైనా దానికి ముందు అది లేని కాలం ఒకటి ఉండి తీరుతుంది. సీసం కాలుష్యానికి పుట్టుక ఉంది కాబట్టే ప్యాటర్సన్ గెలిచాడు.

ఇక దేవుడి సంగతి. మా ఇంట్లో ఏ వాదమైనా చివరికి అక్కడికే వెళ్తుంది.

వెతికాను, కనబడలేదు, కాబట్టి లేడు అనేవాళ్ల వాదం నాకు చాలదు. ఉండి ఉంటే కనబడేవాడని ముందు రుజువు చెయ్యాలి. ఏ రూపంలో, ఎంత మోతాదులో, ఏ పరికరం మీద? ఇది ఫ్లేమ్ ఏఏఎస్ మీద రాసిన బీడీఎల్. నాకు అనుభవమైంది అనేవాళ్లని అడగాల్సిన ప్రశ్న వేరు. నేను ఒకసారి సింహాచలంలో చందనోత్సవం నాడు వరసలో నిలబడ్డాను. అక్షయ తృతీయ రోజు. ఏడాదంతా గంధపు పూత కింద ఉండే వరాహ నరసింహస్వామి ఆ ఒక్కరోజే నిజరూపంలో కనిపిస్తాడు. వైశాఖపు ఎండ, ఉపవాసం, తెల్లవారుజాము నుంచి నిలబడ్డ కాళ్లు, పక్కన ముసలావిడ గొణుగుతున్న నామం, లోపలికి చేరగానే కర్పూరం వేడి. కళ్లముందుకి వచ్చిన క్షణాన ఒళ్లంతా కదిలిపోయింది, ఏడ్చాను. ఆ కదలికలో స్వామిది ఎంత, ఎండది ఎంత, ఆకలిది ఎంత, చిన్నప్పటినుంచి విన్న ప్రహ్లాదుడి కథది ఎంత? లాబు అలవాటు ప్రకారం నేను బ్లాంక్ అడిగాను. అదే ఎండ, అదే వరస, అదే కర్పూరం, అదే నేను, దేవుడు మాత్రం లేని గుడి కావాలి.

సర్వవ్యాపి అన్నాక అలాంటి గుడి ఉండదు. అలాంటి గది, అలాంటి రాయి, అలాంటి క్షణం ఉండవు. అనాది అన్నాక ప్యాటర్సన్‌లా వెనక్కి వెళ్లినా ప్రాగభావం దొరకదు. శాంపిల్‌లోనూ బ్లాంక్‌లోనూ ఒకే మోతాదులో ఉన్నదాన్ని నా పద్ధతి తీసివేసి సున్నా చూపిస్తుంది. అది లేనందువల్ల వచ్చిన సున్నా కాదు, అంతటా ఉన్నందువల్ల వచ్చినది. రెంటికీ నా రిపోర్టులో తేడా కనబడదు. హిరణ్యకశిపుడు ఒక్క స్తంభాన్నే కొట్టాడు, ఫలితం తెలిసిందే. కెమిస్టు అయితే పక్క స్తంభాన్ని కూడా కొట్టమనేవాడు.

మావయ్యగారు దీన్ని అంత తేలిగ్గా వదలలేదు. ఆయన మొదటి సమాధానం కేవలాన్వయి. కుండకి పేరు పెట్టవచ్చు, ఎందుకంటే అది తెలుసుకోదగినది. తెలుసుకోదగినది కాని వస్తువు ప్రపంచంలో ఎక్కడా లేదు కాబట్టి దీనికి వ్యతిరేక ఉదాహరణ చూపించలేం. అయినా ఈ అనుమానం చెల్లుతుందని అన్నంభట్టు ఒప్పుకున్నాడు. అంతటా ఉన్నదాన్ని నిరూపించడానికి అది లేని చోటు చూపించనక్కర్లేదని ఆయన పాయింటు. తర్కంలో సరే, నేను దాని కింద సంతకం పెట్టను అన్నాను. బ్లాంక్ నడపని రిపోర్టు మీద నేనెప్పుడూ సంతకం పెట్టలేదు.

రెండోది ఇంకా గడుసుది. “శాంపిల్‌లోంచి వస్తువుని తీసెయ్యడం కుదరనప్పుడు మీ లాబులో ఏం చేస్తారమ్మా?” అన్నారు. ఉన్న నిజం చెప్పాను. ఒక పద్ధతుంది, స్టాండర్డ్ అడిషన్ అంటారు. తీసెయ్యలేకపోతే కలుపుతాం. అదే శాంపిల్‌కి తెలిసినంత సీసం కొంత కలిపి కొలుస్తాం, ఇంకొంత కలిపి కొలుస్తాం, మరికొంత. సంకేతం పెరుగుతున్న తీరుని గీతగా గీసి, ఆ గీతని వెనక్కి పొడిగిస్తే అది సున్నాకి ఎడమవైపు ఎక్కడో అక్షాన్ని కోస్తుంది. ఆ దూరమే మొదట్లో ఉన్న మోతాదు. గీత వెళ్లి తగిలిన ఆ చోట ఏ శాంపిలూ ఉండదు. సున్నా కన్నా తక్కువ సీసం ఉన్న నీళ్లని ఎవరూ చెయ్యలేరు.

ఆయనకి ఇంతకన్నా ఏం కావాలి? “ఉపాసన అంటే అదే. లేనిచోటు వెతకక్కర్లేదు. కలుపుకుంటూ పో, ఎంత కదులుతున్నావో చూడు, మొదట ఎంతుందో తెలుస్తుంది.” ఆ సాయంత్రం నేను కొంచెం ఓడిపోయినట్టే అనిపించింది. కానీ రాత్రి వంట చేసుకుంటూ ఆలోచిస్తే రెండు లోట్లు కనిపించాయి. కలపడానికి మాకు లీటరుకి వెయ్యి మిల్లీగ్రాముల స్టాండర్డ్ సీసా, దాంతో పాటు ఒక సర్టిఫికెట్ వస్తాయి. కలిపింది ఎంతో తెలియకపోతే గీత గీయలేం. రెండోది అసలైనది. ఈ పద్ధతి ఉప్పు వల్ల సంకేతం మందగించడాన్ని సరిచేస్తుంది గాని, మలినాన్ని సరిచెయ్యదు. మొదట్లో ఉన్న సీసం సముద్రానిదో, నా చేతులదో ఆ గీత చెప్పదు, రెంటినీ కలిపే చూపిస్తుంది. మర్నాడు కాఫీ దగ్గర ఈ మాటే చెప్పాను.

మావయ్యగారు కాసేపు ఆలోచించి, “నీ చేతులదీ సముద్రానిదీ వేరువేరని ఎవరన్నారు?” అన్నారు. వెతికేవాడూ వెతకబడేదీ రెండు కానప్పుడు నా మలినం అనేది వేరే ఏముంది, తీసెయ్యడానికి అని. అద్వైతి దగ్గర ఎప్పటికీ ఉండే చివరి ఎత్తు అది. అక్కడ మా వాదం ఆగిపోయి ఉండాల్సింది. ఆగలేదు, ఇప్పటికీ నడుస్తోంది.

నేను దానికి ఒప్పుకోను. వేరు కాదనుకుంటే ప్యాటర్సన్ కొలిచిన సీసంలో చేపది ఎంత, డబ్బాది ఎంత, లాబుది ఎంత అని అడగడమే కుదరదు. ఆ ప్రశ్న అడగబట్టే పెట్రోల్‌లోంచి సీసం తీసెయ్యాలన్న పట్టుదల పెరిగింది. అమెరికాలో 1996కల్లా రోడ్డు మీది బళ్లకి దాన్ని నిషేధించారు, మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్మారు. విశాఖ రోడ్ల మీద ఆ తర్వాత పుట్టిన పిల్లల రక్తంలో మా తరానికి ఉన్నంత సీసం పేరుకోదు. మావయ్యగారు అదంతా వ్యావహారికం అంటారు, పరమార్థంలో లెక్కకి రాదంటారు. పరమార్థం సంగతి ఆయన చూసుకుంటారు, నా సంతకం ఉన్న కాగితాలన్నీ వ్యావహారికంలోవే అని నేనంటాను. సింహాచలంలో ఏడ్చిన సంగతి మాత్రం ఏ గడిలోనూ రాయలేదు. దాని బ్లాంక్ అంకె నా దగ్గర లేదు.